వేడినీళ్ళ వీరులకో దండం

ప్రతి డిసెంబర్లో మనవాళ్ళ పాట్‌లక్కుల్లో ఒక కథ తప్పకుండా వస్తుంది. ఎవరో కొత్తగా వచ్చిన పిల్లగాడు, పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరితే కారు తలుపు రాలేదు. గుంజాడు. రాలేదు. ఒక కాలు కారుకి తన్ని పట్టి గుంజాడు. హ్యాండిల్ ఊడి చేతిలోకొచ్చింది. ఇక్కడికి రాగానే బిర్యానీ ప్లేట్లు పట్టుకున్నవాళ్ళందరూ పగలబడి నవ్వుతారు. నేనూ చాలా ఏళ్ళు నవ్వాను. ఇప్పుడు ఆ కథ మొదలవుతుంటే లేచి నీళ్ళు తెచ్చుకోవడానికి వెళ్ళిపోతున్నాను.

మాది మంచిర్యాల. అంటే 2016 అక్టోబర్ దాకా ఆదిలాబాద్ జిల్లా. చలి గురించి మాకు చెప్పకండి అని కాలర్ ఎగరేసే బాపతు. తెలంగాణలో చలి అనగానే పేపర్లవాళ్ళు మా జిల్లాలో చలిమంట ఫోటోనే వేస్తారు. సిర్పూర్ (యు), తిర్యాణి వైపు తెల్లారగట్ల నాలుగైదు డిగ్రీలకు పడిపోయిన రోజులు ఉన్నాయి. పొద్దుగాల నాన్న చేతక్ స్కూటర్ని పక్కకి వంచి, ఓ నిమిషం ఆగి, లేపి కిక్కు కొట్టేవాడు. కొబ్బరినూనె సీసాలో గడ్డకడితే అమ్మ గోడ మీద ఎండలో పెట్టేది. కరీంనగర్ వాళ్ళకి కూడా ఇవన్నీ తెలిసినవే. అందుకని మినియాపొలిస్‌లో దిగేటప్పుడు మాకున్నంత ధైర్యం బెజవాడ వాళ్ళకి ఉండదు. వాళ్ళు భయపడి నాలుగు విషయాలు అడిగి తెలుసుకుంటారు. మేం అడగం. "మాది ఆదిలాబాద్ అన్నా" అంటాం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్లస్ నాలుగుకీ మైనస్ నాలుగుకీ తేడా ఎనిమిది డిగ్రీలు కాదు. ప్లస్ నాలుగులో కారు మీద ఉన్నది నీళ్ళు. మైనస్ నాలుగులో అది జిగురు. మా ఊళ్ళో చలి ఎంత ముదిరినా ఈ గీత దాటదు కాబట్టి, మాకు తెలిసిన చలి విద్య ఏదీ ఇక్కడ పనిచేయదు. పనిచేయకపోతే పోయె, ఉల్టా కొడుతుంది.

ఉదాహరణకి గుంజడం. మా ఇంటికి ఆదిలాబాద్ టేకు తలుపులు. వానాకాలంలో దర్వాజాలో బిగుసుకుపోతే ఒక్క గుంజు గుంజితే వస్తాయి. అది చేతుల్లో ఉండిపోయిన అలవాటు. కారు తలుపు చుట్టూ ఉండేది రబ్బరు. రబ్బరుకీ రేకుకీ మధ్య ఐసు పట్టేసినప్పుడు గుంజితే ఐసు ఊడదు, రబ్బరు చినుగుతుంది. ఆ చినిగిన చోట మళ్ళీ నీళ్ళు చేరి, రేపు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ప్లాస్టిక్ హ్యాండిళ్ళు చలికి పెళుసెక్కి ఉంటాయి కాబట్టి పాట్‌లక్కు కథ పుడుతుంది. చేయాల్సింది దీనికి తిరగేసి. తలుపుని లోపలికి తొయ్యాలి. భుజంతోనో నడుంతోనో అంచుల వెంబడి నాలుగుసార్లు బరువేసి నొక్కితే లోపల ఐసు పటపటమని పగులుతుంది. అప్పుడు మెల్లిగా లాగాలి. రాకపోతే ఇంకో తలుపు, అదీ రాకపోతే డిక్కీ వైపు. ఎండ తగిలిన వైపు తలుపు ముందు వస్తుంది.

ఇంకోటి కొబ్బరినూనె. నవ్వకండి, ఇది నేను చేసిన ఘనకార్యం. రబ్బరుకి ఏదో ఒక నూనె రాస్తే అంటుకోదని ఎవరో చెప్పారు. ఇంట్లో ఉన్న నూనె అదే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, గోడ మీద సీసా చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు తెలియని విషయమా? తెలుసు. అయినా రాశాను. మర్నాడు నాలుగు తలుపులకీ మైనం పూసినట్టు అయ్యింది :)

ఇక నీళ్ళ సంగతి. చలి ఎంత ఎక్కువైతే తలుపులు అంత బిగుసుకుంటాయనేది మనవాళ్ళ లెక్క. తప్పు. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 33 సెల్సియస్. మా వైపు పోస్టు బట్వాడా కూడా ఆపేశారు. ఆ రోజు పొద్దున నా కారు తలుపు మామూలుగా తెరుచుకుంది. హ్యాండిల్ కొంచెం మొండికేసింది, అంతే. ఎందుకంటే కారు పొడిగా ఉంది. అదే చలికాలం మైనస్ అయిదు రోజున తలుపు పట్టేసింది, ముందురోజు సాయంత్రం కార్‌వాష్‌కి వెళ్ళొచ్చాను మరి. శత్రువు తడి. మధ్యాహ్నం కరిగి రాత్రి గడ్డకట్టే రోజులూ, వాన పడి వెంటనే చలి దిగే రోజులూ, కారు కడిగిన రోజులూ.. ప్రమాదం వీటిలో ఉంది.

ఇప్పుడు నాకు నవ్వు ఎందుకు రావట్లేదో చెప్తాను. 2022 జనవరిలో ఒక పొద్దున జగిత్యాల తమ్ముడొకడు ఫోన్ చేశాడు. వచ్చి నాలుగు నెలలు. భార్య, ఎనిమిది నెలల పాప. పాపకి డాక్టర్ అపాయింట్‌మెంట్. "అన్నా, తలుపు వస్తలేదు, ఏం జేయాలె?" నేను మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్ పెట్టి, రెండో ఫోన్లో, ఆలోచించకుండా అన్నాను.. "కెటిల్‌ల నీళ్ళు కాగబెట్టి పొయ్యిరా, అయిపాయె."

పోశాడు. తలుపు తెరుచుకుంది. అదే అసలు ప్రమాదం.

రబ్బరు సందులో ఉండే ఐసు చెంచాడు ఉంటుందేమో. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీలు చాలు. లీటరు వేడినీళ్ళు 80 డిగ్రీల నుంచి సున్నాకి దిగేలోపు ఒక కిలో ఐసుని కరిగించగలవు. కాబట్టి వేడి సరిపోదన్న ప్రశ్నే లేదు. మరి ఆ లీటరు నీళ్ళు ఎక్కడికి పోయాయి? కొంత నేల మీదకి. అక్కడ అద్దంలా గడ్డకట్టి, కాలు జారడానికి సిద్ధంగా ఉంటుంది. మిగతాది సందులోకి, తాళంలోకి, గొళ్ళెంలోకి. మైనస్ 18లో గొళ్ళెం తెరిచి ఉన్న స్థితిలోనే బిగుసుకుపోయింది. ఇప్పుడు తలుపు మూసుకోదు. వేస్తే తిరిగి వస్తోంది. పాప లోపల సీట్లో ఉంది. అపాయింట్‌మెంట్ టైమవుతోంది. నేను ఫోన్ ఎత్తలేదు, ప్రెజెంటేషన్ ఇస్తున్నాను.

వాడు చున్నీతో తలుపు కట్టాడు. ఒక కొస హ్యాండిల్‌కి, రెండో కొస భార్య చేతికి. ఆమె వెనక సీట్లో కూచుని, ఒక చేత్తో చున్నీ, ఒక చేత్తో పాప సీటు పట్టుకుంది. హైవే మీద పదిహేను నిమిషాలు అలా పోయారు. ఏం కాలేదు. కాలేదు కాబట్టే అది ఇప్పుడు పాట్‌లక్కులో కథ అయ్యింది. "చున్నీ సీట్‌బెల్ట్" అని పేరు కూడా పెట్టారు. ఆ సలహా ఇచ్చింది నేనని చాలామందికి తెలీదు. వాడు చెప్పలేదు.

మనం కొత్తవాళ్ళకి ఇచ్చే లిస్టులు చూడండి. కుక్కర్ ఎన్ని లీటర్లది తెచ్చుకోవాలి, పచ్చడి ఎన్ని కవర్లు చుట్టాలి, ఏ గుళ్ళో శనివారం పులిహోర ఉంటుంది, వీసా స్టాంపింగ్‌కి ఏ కాగితాలు.. పేజీలకు పేజీలు. చలికాలం కారు గురించి ఒక్క ముక్క ఉండదు. ఉంటే "వేడినీళ్ళు పోయండి" అని ఉంటుంది, ఎవరో ఫార్వర్డ్ చేసింది. అదే చేత్తో ముందు అద్దం మీద కూడా పోస్తారు. అద్దంలో ఎక్కడైనా కంటికి కనపడని చిన్న బీట ఉంటే, ఆ వేడికి అది ఈ చివర నుంచి ఆ చివరకి పాకుతుంది.

"గూగుల్ చేస్తే దొరుకుతుంది కదా" అంటారు ఒక సీనియర్ గారు. దొరుకుతుంది. గాలి వీస్తున్న మైనస్ 30లో గ్లౌజు తీసి గూగుల్ చేసి చూడండి సార్. పది నిమిషాలు చాలు వేళ్ళు పాడవడానికి. "గ్యారేజ్ ఉన్న ఇల్లు చూసుకోవాలి" అంటారు ఇంకొకరు. మొదటి ఏడాది అపార్ట్‌మెంట్‌లో ఓపెన్ పార్కింగ్ దొరికితేనే గొప్ప. పైగా మూసిన గ్యారేజ్‌లో ఇంజన్ వేడెక్కనివ్వడం అన్నిటికంటే ఘోరం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మంచు పడ్డాక బయటైనా సరే, వెనక పొగగొట్టం మూసుకుపోలేదని చూశాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి. రిమోట్ స్టార్ట్ మంచిదే, లోపలి వేడికి రబ్బరు కాసేపటికి వదులుతుంది. కానీ ఫోబ్‌లో ఉన్న బిళ్ళ బ్యాటరీ చలికి నీరసపడితే ఆ బటనే పనిచేయదు. అప్పుడు ఫోబ్ లోపల దాగున్న అసలు తాళంచెవి కావాలి. అది ఉందనే చాలామందికి తెలీదు. తెలిసినా, ఏళ్ళ తరబడి వాడని తాళంలో ఐసు. దాంట్లోకి నోటితో ఊదకండి, ఊపిరిలో ఉన్నది కూడా తడే. డీఐసర్ కొట్టండి. అది ప్రధానంగా ఆల్కహాల్, అందుకే గడ్డకట్టదు. చేతులకు రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్ తాళంచెవికి పూసి దూర్చినా అవసరానికి పనిచేస్తుంది. గొళ్ళెం పట్టేస్తే దానికీ అదే మందు. తలుపు టక్కుమని పడేదాకా కారు కదపొద్దు, అపాయింట్‌మెంట్ పోతే పోనీ.

అన్నట్టు ఆ డీఐసర్ సీసా కారు డాష్‌బోర్డు అరలో పెట్టుకునే మహానుభావులు ఉన్నారు. తలుపు రాకపోతే కదా నాయనా అది కావాల్సింది!

ముందే చేసుకోవాల్సిన పని ఒక్కటే, అరగంటది. నవంబర్లో ఎండగా ఉన్న రోజు తలుపుల రబ్బర్లు తుడిచి, బాగా ఆరాక సిలికాన్ పూత రాయడం. పెట్రోలు జాతి నూనెలు వద్దు, రబ్బరుని తినేస్తాయి. కారు కడిగితే సందులన్నీ గుడ్డతో తుడిచి, తలుపులు రెండు మూడుసార్లు తీసి వెయ్యడం. మనవాళ్ళు దసరాకి బండి కడిగి పసుపు కుంకుమ పెట్టేంత శ్రద్ధ ఉంటే చాలు.

పోయిన నవంబర్లో మా టీంలోకి కరీంనగర్ నుంచి ఇద్దరొచ్చారు. శనివారం సిలికాన్ ట్యూబూ పాత గుడ్డా పట్టుకుని వాళ్ళ పార్కింగ్‌కి వెళ్ళాను. జగిత్యాల తమ్ముడు కూడా వచ్చాడు, పాప బడికి పోయే వయసుకొచ్చింది.

"అన్నా, ఇంకా చలే రాలె గదా" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"ముందు రబ్బరు తుడువు" అన్నాడు తమ్ముడు.