రెజ్యూమెలో లేని జైలు

రెజ్యూమెలో ఆర్నెల్లు గ్యాప్ ఉంటేనే హెచ్‌ఆర్‌కి ఏం చెప్పాలా అని మనకి టెన్షన్. ఆ గ్యాప్‌లో ఉన్నది జైలైతే?

అమెరికన్ కంట్రీ సింగర్ మెర్ల్ హాగర్డ్ 1937లో కాలిఫోర్నియాలో పుట్టాడు. రైల్వేలో పనిచేసే నాన్న, పాత రైలుపెట్టెనే ఇల్లుగా మార్చాడు. కొడుక్కి పదేళ్లు నిండకముందే ఆయన పోయాడు. అమ్మ ఉద్యోగానికెళ్తే పిల్లాడు దారితప్పాడు. దొంగతనాలు, పారిపోవడాలు, చివరికి శాన్ క్వెంటిన్ జైలు. అక్కడ పాడటానికొచ్చిన జానీ క్యాష్‌ని ఖైదీల మధ్య కూర్చుని చూశాడు.

1960లో పెరోల్‌పై బయటికొచ్చి, పగలు గోతులు తవ్వుతూ రాత్రిళ్లు బార్లలో పాడాడు. పేరొచ్చాక ఒకటే భయం: జైలు సంగతి తెలిస్తే ఫ్యాన్స్ ఉంటారా? 1968 నాటి ‘మామా ట్రైడ్’లో అమ్మ మాట వినక జైలుపాలైన కొడుకు బాధ చాలావరకు తనదే. ఆ సంగతి బయటపెట్టమని ఒప్పించింది క్యాషే, అదీ తన టీవీ షోలో. జనం వదల్లేదు, ఇంకా దగ్గరయ్యారు. 1972లో గవర్నర్ రీగన్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు. బిల్‌బోర్డ్ కంట్రీ చార్టుల్లో నంబర్ వన్ పాటలు 38!

కష్టాలు పడటం మంచిదని నేననను. ఆ అమ్మ పడ్డ బాధ చిన్నదా? కానీ దాచుకున్న కథే అతని పాటకి ప్రాణం పోసింది. ఈ రాత్రి హెడ్‌ఫోన్స్‌లో ‘మామా ట్రైడ్’ వినండి. తర్వాత అమ్మకో కాల్ చేయండి.