కట్టడం నిలవాలంటే కొట్టు బతకాలి

హైదరాబాదు వెళ్లొచ్చిన విస్సన్నపేట మనిషిని ఏం చూశావని అడగండి. చార్మినార్ తర్వాత మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం సంగతి చెప్తాడు. ఆ రాతి కట్టడం ఇవాళ నిలబడి ఉన్న తీరులో మన ఊరి బజారుకూ ఒక పాఠం ఉంది.

1908లో మూసీ వరద నగరాన్ని ముంచింది. వెనకే ప్లేగు వచ్చింది. ఆ దెబ్బలతో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. తర్వాతి కాలంలో దానికి అధ్యక్షుడైన, ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో ఈ మార్కెట్ వెలిసింది. కూడలి మూలన గడియారపు గోపురం, రెండు పక్కలా రెక్కల్లా దుకాణాలు, మధ్యలో ఖాళీ ఆవరణ. కట్టింది రాజుల కాలంలోనే అయినా కోటలా కాదు, జనం బేరాలాడుకోవడానికి.

తర్వాత ఏం చేశారు? పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలింది. రేకుల షెడ్లు, బోర్డులు, వైర్లు రాతి గోడలను మింగేశాయి. పైకప్పు కారింది. 2018లో మరమ్మతులు మొదలయ్యాయి. అడ్డంగా వెలిసినవి తొలగించి, రాతిని శుభ్రం చేసి, గడియారాన్ని బాగుచేసి, 2020 ఆగస్టు 14న తిరిగి ప్రారంభించారు. ఐస్‌క్రీం, అత్తరు కొట్లు అక్కడే ఉన్నాయి. అసలు విజయం అదేనని మేం భావిస్తున్నాం. వ్యాపారిని వెళ్లగొట్టి గోడలకు సున్నం వేస్తే మిగిలేది బజారు కాదు, బొమ్మ.

అయితే ఒక్క మార్కెట్‌కు లైట్లు పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. హైదరాబాదులో పాత కట్టడాలకు కాపలాగా ఉన్న 13వ నిబంధనను 2015లో తీసేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. కాగితం మీది చట్టం కారే కప్పును ఆపదు. అద్దె గిట్టదని యజమాని, సొంతం కాదని అద్దెదారు ఇద్దరూ చేయి వేయకపోతే ఎంత గట్టి గోడైనా కూలుతుంది. కూలిన మర్నాడే అపార్ట్‌మెంట్ ప్లాను సిద్ధం!

పాలకులెవరైనా, రాష్ట్రం ఏదైనా మా డిమాండ్లు ఇవి. ప్రతి ఊళ్లో పాత బజారు కట్టడాల జాబితా రాయాలి. మరమ్మతులకు యజమానికి సాయం అందాలి. పని జరిగినన్నాళ్లూ కొట్టువాడికి పక్కనే చోటు చూపి, తర్వాత అతని కొట్టు అతనికే ఇవ్వాలి. విస్సన్నపేట లాంటి ఊళ్లలో మొజంజాహీ అంత మార్కెట్లు ఉండకపోవచ్చు. మన తాతలు ఖాతా పెట్టి సరుకు తెచ్చుకున్న అరుగులు మాత్రం ఉన్నాయి. అవి కూలాక ఫొటోలు వెతుక్కునే కన్నా, నిలబడి ఉండగానే నోరు విప్పుదాం.