షాపులో పులి... ఇంట్లో పిల్లి!

విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్లతో ఓ తమాషా చిక్కుంది. మిర్యాలగూడలోనో వనపర్తిలోనో మీట నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. క్యాబినెట్‌ను బస్సులో వేసుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి మోసుకెళితే అక్కడ శుభ్రంగా పనిచేస్తుంది. తిరిగొచ్చాక మళ్లీ మొరాయింపే! ఓపక్క పిల్లల ఆన్‌లైన్ పరీక్షలు ముంచుకొస్తుంటాయి. ఇక లాభంలేదని వేలు పోసి మదర్‌బోర్డు మార్చేద్దామనుకుంటారు చాలామంది. కాస్త ఆగండి. షాపులోనూ ఇంట్లోనూ కంప్యూటర్ ఒక్కటే. మారింది కరెంటు!

గోడ ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చిచ్చేది ఎస్‌ఎంపీఎస్. అవి నిలకడగా ఉన్నాయని తేలాకే అది మదర్‌బోర్డుకు 'పవర్ గుడ్' అనే సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందకపోతే ఫ్యాన్లు తిరిగినా తెర వెలగదు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సేద్యం చాలావరకూ బోర్ల మీదే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అయినా ఇళ్లకూ మోటార్లకూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నచోట, మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయితే వోల్టేజీ పడిపోతుంది. పాతబడిన, చవకరకం ఎస్‌ఎంపీఎస్‌లు దాన్ని తట్టుకోలేవు.

అందుకే వెతుకులాట గోడ దగ్గర మొదలుపెట్టండి.

* స్టెబిలైజర్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి మరో గదిలోని ప్లగ్గుకు నేరుగా పెట్టి చూడండి.

* ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆన్‌లో ఉందా? పాతవాటిలో 115/230 అని ఎర్రమీట ఉంటుంది. అది 230 మీదే ఉండాలి. 115 మీద పెడితే కాలిపోతుంది.

* ప్లగ్గు పీకేసి క్యాబినెట్ తెరవండి. 24 పిన్నుల పెద్ద కనెక్టరుతో పాటు ప్రాసెసర్ పక్కన 8 (పాతవాటిలో 4) పిన్నులది మరొకటి ఉంటుంది. రెండోది మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ రాదు.

* బస్సు కుదుపులకు ర్యామ్ వదులవుతుంది. తీసి, 'టక్'మనే దాకా మళ్లీ నొక్కండి.

* గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టాలి.

* కొత్త డీడీఆర్5 ర్యామ్ వేస్తే మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి ఆపేయకండి.

* తేదీ, సమయం మాటిమాటికీ వెనక్కి పోతుంటే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి.

వీటితో లొంగకపోతే తెలిసినవాళ్ల ఎస్‌ఎంపీఎస్ ఒకటి తెచ్చి పెట్టి చూడండి. మదర్‌బోర్డు మీద అనుమానం ఆ తర్వాతే. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

క్యాబినెట్‌ను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందా? అది ఎర్తింగ్ సరిగాలేదన్న హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్‌లోంచి భూమిలోకి పోవాల్సిన కొద్దిపాటి కరెంటు దారిలేక రేకు మీదే నిలుస్తుంది. రేపు లోపల ఏ వైరో రేకుకు తగిలితే ప్రాణానికే ముప్పు. మన చెల్క నేలలు, బండరాళ్లు వేసవిలో తడారిపోతాయి. తడి లేకపోతే ఎర్త్ గొయ్యిలో బొగ్గూ ఉప్పూ ఉన్నా ఫలితం తక్కువే. ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తుండాలి.

చివరగా, ఎలక్ట్రీషియన్‌ను సాయంత్రం పూట, ఫ్రిజ్జూ మోటారూ నడుస్తున్నప్పుడు పిలిపించండి. కంప్యూటర్ ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలవమనండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంతుందో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్యా దాదాపు అంతే ఉండాలి. ఆ కొలతలు కాగితం మీద రాసుకోండి. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు నిశ్చింతగా సికింద్రాబాద్ బస్సెక్కండి. తేడా ఉంటే మాత్రం ఖర్చుపెట్టాల్సింది ముందు ఇంటి వైరింగ్ మీద!