నేత్రవైద్యులకు నిజమైన రక్ష

రుసుము గైకొని చేయు వైద్యము వినియోగదారుల రక్షణ చట్టమునకు లోబడునని సుప్రీముకోర్టు 1995లో తీర్పు చెప్పినది మొదలు వ్యాజ్యభయము వైద్యులను వెన్నంటుచున్నది. బీమాపత్రములును, సంతకముల కాగితములును తమ్ము గాచునని కొందఱు నేత్రవైద్యులు తలంచుచున్నారు. రోగి కంటిని గాపాడుటయే వైద్యునకు నిజమైన రక్ష యని మా యభిప్రాయము.

ఖుర్జా వృత్తాంతము మఱువరానిది. 1986 ఏప్రిలులో ఉత్తరప్రదేశమందలి యా పట్టణమున జరిగిన ఉచిత శిబిరమున 88 మందికి శుక్లములు తీసిరి. 84 మంది కన్నులు చెడినవి. దోషము శస్త్రమునందు గాక, చికిత్సలో వాడిన యుప్పునీటియందుండవచ్చునని విచారణలో తేలెను. 1989లో న్యాయస్థానము ఒక్కొక్కరికి మఱి రూ. 12,500 ఇప్పింపగలిగెను, చూపు నిప్పింపగలిగెనా?

ఇట్టి కీడును తగ్గించు మార్గములు కష్టసాధ్యములు గావు. కోతకు ముందు కంట పోవిడోన్ అయొడిన్ ద్రవము వేయవలయును. రోగి పేరు, చికిత్స చేయవలసిన కన్ను, అమర్పవలసిన కటకము సంఖ్య, ఈ మూటిని ఎల్లరు వినునట్లు చదివి సరిచూడవలయును. ఒకరికి వాడిన పనిముట్టును శుద్ధిచేయక వేఱొకరికి వాడరాదు. జరిగినదెల్ల నాడే వ్రాసియుంచవలయును.

చదువనేరని వృద్ధునిచే ఇంగ్లీషు కాగితముపై వ్రేలిముద్ర వేయించుట సమ్మతి గాదు. రాగల చిక్కుల నాతని భాషలో జెప్పవలయును. నొప్పి, ఎఱుపు, మసక తోచినచో తత్‌క్షణమే రమ్మనవలయును. కీడు కలిగినచో దాచరాదు. చూపు పోయి, అడిగినదానికి బదులైన దొరకనివాడు న్యాయస్థానము మెట్లెక్కక యేమి చేయును? ఉచిత చికిత్సయందును ఈ జాగరూకత తగ్గరాదు. పేదవాని బ్రతుకునకు ఆ కన్నులే యాధారము గదా!