పాత కారు మోజు: ముందు బ్రేకు, తర్వాతే స్పీడు

పాత ప్రీమియర్ పద్మినికో, తొలినాళ్ల మారుతి 800కో అడ్వాన్సు ఇవ్వబోతున్నవాళ్లు కాస్త ఆగండి. చేతిలో ఉన్న డబ్బంతా కారు ధరకే సరిపోయేటట్టయితే ఆ బేరం వదిలేయండి. ఉన్నదంతా పెట్టి కొని, ఆపైన అప్పు చేసి కార్బ్యురేటరు మార్పించి, వెడల్పు టైర్లూ మోత మోగే సైలెన్సరూ బిగించి రోడ్డెక్కితే ప్రమాదం జేబుతో ఆగదు.

ఈ కార్ల మీద మమకారం తప్పేమీ కాదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఎన్నో మధ్యతరగతి ఇళ్లకు మొదటి కారు. నాన్న నడిపిన బండిలాంటిదే వెతికి తెచ్చుకోవాలనుకోవడం మంచి కోరికే. కానీ 800 తయారీ 2014లోనే ఆగిపోయింది, పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. ఇప్పుడు మీరు కొనే బండి ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏం విప్పి ఏం బిగించారో అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. ఫొటోలో తళతళలాడే పెయింటు చూసి ధర ఒప్పుకోకండి. ఒక అయస్కాంతం పట్టుకెళ్లి డోర్ల అడుగు అంచులకు, చక్రాల పైభాగాలకు ఆనించండి. అది పట్టుకోని చోట లోపల రేకు లేదు, పుట్టీ ఉంది. కార్పెట్ ఎత్తించి ఫ్లోరు చూడండి. విశాఖ, కాకినాడల్లో సముద్రపు గాలికి తిరిగిన బండైతే కిందికి దూరి మరీ చూడాలి. ఇంజను పొగ కొడితే రీబోరు చేయించుకోవచ్చు. ఫ్లోరు, సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పు తినేస్తే టింకరింగుకయ్యే ఖర్చుకు అంతుండదు.

అన్నిటికంటే భయపెట్టేది పెట్రోలు లైను. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ కార్ల రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రమ్ దానికోసం చేసినవి కావు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చివరకు పగుళ్లిస్తాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారులో ట్యాంకు తుప్పుపడుతుంది, ఆ రజను వచ్చి జెట్లలో అడ్డుపడుతుంది. బానెట్ కింద పైపు చెమర్చి, ఆ చుక్క వేడి ఎగ్జాస్టు మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పాత వైరింగుకు రిలే లేకుండా హాలోజన్ లైట్లూ యాంప్లిఫయరూ తగిలిస్తే నిప్పుకు మరో దారి దొరుకుతుంది. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్పించడం ట్యూనింగు ఖర్చులో భాగం కాదు. కారు ధరలోనే కలిపి లెక్కేసుకోవాల్సిన డబ్బు అది.

బ్రేకుల సంగతీ అంతే. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 796 సీసీ ఇంజనున్న 800కు 1,298 సీసీ ఎస్టీమ్ ఇంజను ఎక్కించడం కొన్ని షెడ్లలో మామూలు పనైపోయింది. ఇంజను మారుతుంది, బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ మాత్రం 800వే. గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉన్న హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద ఆ కారును దేనితో ఆపుతారు?

చట్టం కూడా ఇలాంటి మార్పులను ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తయారీదారు ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఢిల్లీ నుంచి చౌకగా వస్తోందని మురిసిపోకండి. అక్కడ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లపై ఆంక్షలున్నాయి, ఆ చౌకకు అదీ ఒక కారణం. ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి, పదిహేనేళ్లు దాటితే ఆర్‌సీని అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. రెన్యువల్ ఫీజు 2022లో 600 నుంచి 5,000కు పెరిగింది. ఇరవయ్యేళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు, రోజువారీ వాడకానికి పనికిరాదు. ట్యూనింగు చేయించాలనుకునేవాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే.

అందుకే మా సలహా ఒకటే. మీ దగ్గరున్న మొత్తంలో సగానికి మించి కారు ధరకు పెట్టకండి. మిగిలిన సగంలోంచి ముందు పెట్రోలు లైను, బ్రేకులు, టైర్లు, వైరింగు, తుప్పు. ఆ తర్వాత కాగితాలు, బీమా. ఇంకా మిగిలితే కార్బ్యురేటరు శుభ్రం చేయించి, వాల్వ్ క్లియరెన్సు, ఇగ్నిషన్ టైమింగు సరిచేయించండి. ఈ కార్లకు నిజమైన ట్యూనింగు అదే, పాత మెకానిక్కులు చేసేదీ అదే. నమ్మకమైన మెకానిక్కు లిఫ్టు మీద ఎక్కించి చూడందే అడ్వాన్సు ఇవ్వకండి. కొన్నాక కూడా, పెట్రోలు పైపులూ బ్రేకులూ మార్పించేదాకా ఆ కారులో పిల్లల్ని ఎక్కించకండి.