సమాధులకు గోత్రములు వెదకవలదు

ఆత్రేయపురము మొదలుగా సముద్రము దాక పఱచుకొన్న మన డెల్టా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రునేల యగుటచేత నిచ్చట బృహచ్ఛిలాసమాధులు కానరావు. కాని యదే నదికి ఎగువను, ములుగు, భద్రాద్రి అడవులలో, దామరవాయి, జానంపేట మున్నగు చోట్ల, ఇనుపయుగమువారు రాతిపలకలను నిలిపి కప్పువేసి తమ మృతులను నిక్షేపించిన గూళ్లు నేటికిని అనేకములు గలవు. ఆ అడవులలోనే శిలువలవంటి రాళ్లును గలవు. 1872లో జేమ్స్ ఫెర్గుసన్ తన గ్రంథమున నట్టివానిని క్రైస్తవమతముతో ముడిపెట్టెను. నేటి పరిశోధకులకవి మానవాకృతులు, కొన్ని స్పష్టముగా స్త్రీమూర్తులు. మన పల్లెజనులో, ఆ గూళ్లను రాకాసిగుళ్లనిరి. ఇప్పుడు మనము ఆ గూళ్లు ఆర్యులవనియు ద్రావిడులవనియు వాదులాడుచు అదే తొందరపాటును కొనసాగించుచున్నాము.

ఖననమును బట్టి జాతిని నిర్ణయింపవచ్చునను నమ్మకమే నిలువదు. మన కోనసీమ గ్రామములలోనే చూడుడు: గృహస్థునకు దహనము చేసి అస్థికలను గౌతమిలో కలిపెడి కుటుంబమే పసిబిడ్డను పాతిపెట్టును, ఆ యింటివాడే సన్న్యసించెనేని సమాధి కట్టించును. వేయేండ్ల పిమ్మట ఈ నేలను త్రవ్వువాడు ఒక్క యింటివారిని రెండు మూడు జాతులుగా లెక్కించినచో ఆ తప్పు మనకు నవ్వు పుట్టింపదా?

ప్రాచీనాంధ్రమున ఇట్టి ఆచారముల కలయిక మఱింత గాఢమైనది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపగర్భమును త్రవ్వినపుడు రాతిపేటికలలో స్ఫటికభరిణెలు లభించెను. పేటికలపై శాసనములలో కుబీరకుడను రాజుతోపాటు గోష్ఠులు, నిగమము పేర్కొనబడినవి. ఉత్తరదేశమున బుట్టిన బౌద్ధమతము, ఎముకలను రాతిగూళ్లలో దాచుట చిరకాలముగా నెఱిగిన జనులకు తన పూజ్యధాతువులను అప్పగించెను. అమరావతిలో మహాస్తూపము చెంతనే అస్థికలుంచిన కుండలు బయల్పడుట నాకు యాదృచ్ఛికమని తోపదు. నాగార్జునకొండలో బృహచ్ఛిలాసమాధులు, బౌద్ధచైత్యములు ఒకే లోయలో నుండెను. అశ్వమేధయాజి యగు అచ్చటి ఇక్ష్వాకురాజు శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యమునకు దాత. ఆయన కోడలు రుద్రధరభట్టారిక ఉజ్జయిని రాజపుత్రి, శకక్షత్రపవంశజ యని చరిత్రకారుల తలంపు. శాంతమూలుడు గతించిన పిదప ఆయన తల్లులు, తోబుట్టువులు, రాణులు ఛాయాస్తంభమను స్మారకశిల నెత్తించిరి. వైదికుని స్మరణకు బౌద్ధభక్తురాండ్రు రాయి నిలిపిన యీ కుటుంబమునకు ఏ యొక్క పేరు పెట్టుదము? ఇట్టి మిశ్రమము మన వంశమునకు కళంకము గాదు. అదియే మన వంశము.

కాగా నిధుల దురాశతో దుండగులు కదల్చిన రాకాసిగుళ్ల పలకలు విఱిగిపడియున్నవి. పురావస్తుశాఖవారు మిగిలిన ప్రతి గూటిని గుర్తించి, సంఖ్య వేసి, పటములోనికెక్కించి, లభించిన ఎముకలను శాస్త్రీయపరీక్షకు పంపవలయును. అచ్చట నిలుపు ఫలకముపై ఏ జాతివారిదో వ్రాయుటకు మాఱుగా, అందేమి దొరకినదో, ఎవరు త్రవ్విరో, ఏ సంవత్సరమున త్రవ్విరో వ్రాయవలయును.