నల్లబల్లకు పర్మిషనా?

మా మాదిగపల్లె మొగలో చింతచెట్టు కింద ఒక నల్లబల్ల ఉంది. బడి సొత్తు కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, బడి బల్ల ఎత్తుకొచ్చానని నా మీద పుకారు పుట్టించారు. కుర్రోళ్ళు తలా ఇంత వేసుకుని చెక్క కొని, నల్లరంగు పూసి నిలబెట్టుకున్నది. పోయినేడు సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ లెక్కలు అడిగారు. ఇరవైసార్లు తిరిగాక కాయితాలు వచ్చాయి. వాటిని సుద్దముక్కతో బల్ల మీద ఎక్కించారు. ఏ పనికి ఎంత బిల్లు అయిందో, అంతే. ఒక్క తిట్టు లేదు, ఒక్కరి పేరు లేదు. మా పల్లెలో బల్బు అనేది ఎరగని స్తంభాలకు కూడా బల్బుల బిల్లు ఉందని కూలికి పోయే ఆడోళ్ళు ఆగి చదివించుకుని తెలుసుకున్నారు. నవ్వుకున్నారు. ఆ నవ్వే ఊళ్ళో పెద్దలకు గుచ్చుకుంది.

నాలుగోనాడు నోటీసు. అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో రాతలు రాశారు, మూడు రోజుల్లో తీసెయ్యాలి, లేదంటే చట్టరీత్యా చర్య. ఏ చట్టమయ్యా అంటే 1997 నాటి పోస్టర్ల చట్టం. దాని పూర్తి పేరు చదవండి: బహిరంగ ప్రదేశాలను వికారం చెయ్యకుండా నివారించే, అసభ్య, అభ్యంతరకర పోస్టర్లను, ప్రకటనలను నిషేధించే చట్టం. బల్బుల బిల్లు అసభ్యమా? అసభ్యమే అనుకుందాం. దాన్ని రాసిందెవరు, మేమా? ఊరి సెంటర్లో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు కరెంటు స్తంభాల్ని మింగేసి నిలబడతాయి. వాటికి ఏనాడూ నోటీసు పోలేదు.

ఇంకో ముచ్చట. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఈ లెక్కలు ఎవరూ అడక్కుండానే ఆఫీసే బయటపెట్టాలి. ఎట్లా బయటపెట్టాలో చెబుతూ నోటీసు బోర్డు మాట కూడా చట్టంలోనే ఉంది. అంటే వాళ్ళు చెయ్యాల్సిన పని మా పిల్లలు సొంత సుద్దముక్కతో చేసిపెట్టారు. దానికి బహుమానం ఈ నోటీసు.

కార్యదర్శి గారిని అడగబోతే, "పంచాయతీ పరువు తీశారు మాష్టారూ" అన్నాడు. పరువు మాట వచ్చింది కాబట్టి చెప్పుకుందాం. 19వ అధికరణం రెండో క్లాజులో వాక్ స్వాతంత్ర్యానికి పెట్టిన హద్దుల్లో పరువునష్టం ఉంది, నిజమే. కానీ ఎవరి పరువు? 1994లో రాజగోపాల్ కేసులో (ఆటో శంకర్ కేసని జనం పిలిచేది అదే) సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ప్రభుత్వమూ, స్థానిక సంస్థలూ మా పరువు పోయిందని నష్టపరిహారం దావా వెయ్యడానికి లేదని. మనిషికి పరువు ఉంటుంది. పంచాయతీకి ఉండేది లెక్క. అది చెప్పమనే కదా అడిగింది!

"పంచాయతీకి తన ఊళ్ళో ఆ మాత్రం అధికారం లేదా" అని అడిగేవాళ్ళకి బాబాసాహెబే జవాబు చెప్పి పోయాడు. 12వ అధికరణంలో 'రాజ్యం' అంటే ఢిల్లీ, రాష్ట్రం మాత్రమే కాదు, స్థానిక సంస్థలు కూడా. 1948 నవంబర్లో రాజ్యాంగ సభలో దీని మీద చర్చ వచ్చినప్పుడు, జిల్లా బోర్డులూ మున్సిపాలిటీలే కాదు, గ్రామ పంచాయతీలు కూడా ఇందులోకి వస్తాయని ఆయన విడమర్చి చెప్పాడు. ఊరంటే ఏమిటో తెలిసినవాడు కాబట్టి ఊరిని వదిలిపెట్టలేదు. ఆ తర్వాతి 13వ అధికరణం ఇంకా గట్టిది. ప్రాథమిక హక్కులకు అడ్డొస్తే చట్టమే కాదు, ఉత్తర్వూ, బైలా, నోటిఫికేషనూ, చివరికి ఆచారమూ చెల్లవు. పంచాయతీ నోటీసూ, మా తాతల్ని రచ్చబండ దగ్గర నోరెత్తనియ్యని ఆచారమూ ఒకే గాటన కట్టబడ్డాయి. కట్టింది మనోడు.

ఇక చేదు సంగతి. ఆ నోటీసు కింద సంతకం మనవాడిదే. సర్పంచి పదవి ఎస్సీ రిజర్వుడు. నా కంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. రాత్రిపూట ఇంటికొచ్చి, "అన్నా, నేను చదవకుండానే పెట్టాను" అన్నాడు. తిట్టబుద్ధి కాలేదు. పెత్తనం ఎవరిదో పల్లెంతా ఎరుగును. కానీ తమ్ముడూ, మనల్ని మాట్లాడొద్దనే కాయితం మీద మన చేత్తోనే సంతకం పెట్టించడం వాళ్ళకు ఎంత సులువైపోయిందో చూశావా?

మహద్ కథ ఇందుకే చదవాలి. 1924లో అక్కడి మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. తీర్మానం ఫైల్లో పడున్నంతకాలం ఎవరికీ నొప్పి లేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో నడిచిపోయి దోసిట్లో నీళ్ళు తాగాక, ఆగస్టులో అదే మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. మళ్ళీ పోదామంటే కోర్టు ఇంజంక్షన్. హైకోర్టులో న్యాయం తేలేసరికి 1937. మన హక్కు కాయితం మీద ఉంటే ఊరుకుంటారు. వాడుకుంటేనే నోటీసు. లెక్కలు బీరువాలో ఉన్నప్పుడు లేని అభ్యంతరం బల్ల మీదికి ఎక్కగానే వచ్చిందందుకే.

పైవాళ్ళూ తక్కువేం కాదు. 2023 జనవరి 2న రాష్ట్ర ప్రభుత్వం కందుకూరు, గుంటూరు తొక్కిసలాటలు చూపించి, 1861 నాటి పోలీసు చట్టం పట్టుకుని, రోడ్ల మీద సభలకు అడ్డుకట్టగా ఒకటో నంబరు జీవో తెచ్చింది. ఆ ఏడు మే 12న హైకోర్టు కొట్టేసింది. పార్టీలకు వకీళ్ళున్నారు, హైకోర్టుకు పోయారు. మా పల్లె కుర్రోళ్ళకు స్టేషన్లో బెంచీ మీద ఒక పూట కూర్చోబెడితేనే ఆనాటి కూలి పోయింది.

నన్ను కూడా అడిగారు, "సర్కారు జీతగాడివి, 1964 కండక్ట్ రూల్స్ తెలియవా" అని. తెలుసు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను, ఆ రూల్సు రెండుసార్లు చదివాను. చింతచెట్టు కింద పిల్లలకు అక్షరం తప్పు పోతే దిద్దడం నేరమని ఎక్కడా కనపడలేదు.

నోటీసుకు రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. ఏ సెక్షన్ కింద, ఏ తీర్మానం మీద ఇచ్చారో చెప్పమని మళ్ళీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. ముప్పై రోజులు దాటాయి, ఉలుకూ పలుకూ లేదు. మొదటి అప్పీలు వేశాం. బల్ల అక్కడే ఉంది, వాన పడ్డప్పుడల్లా చెరిగిపోతే పిల్లలు మళ్ళీ రాస్తున్నారు. మీ ఊళ్ళో ఇట్లాంటి నోటీసు ఎవరికన్నా వచ్చి ఉంటే జిరాక్సు తీసి పత్రికకు పంపండి. జవాబు ఎట్లా రాయాలో కూర్చుని రాసుకుందాం.